ఒంటి ఇంజన్ పాఠం: యుద్ధానంతర బ్రిటన్‌లో మీటియర్ శిక్షణ విమానాలు అన్ని ఎందుకు కూలాయి

రన్‌వే ఇంకా మైలు దూరంలో ఉంది. విమానం నాలుగైదు వందల అడుగుల ఎత్తులో దిగివస్తోంది. ముందు సీట్లో విద్యార్థి, వెనక సీట్లో శిక్షకుడు. రెండు ఇంజన్లున్న ఆ జెట్ విమానంలో ఎడమవైపుది ఆగిపోయి ఉంది. చెడిపోయి కాదు, కొద్ది నిమిషాల కిందట శిక్షకుడే దాన్ని ఆపించాడు. ఒక ఇంజన్ పోయినప్పుడు రెండోదానితో ఎలా దిగాలన్నదే ఆనాటి పాఠం. ఎత్తు కాస్త తగ్గిందనీ, వేగం కాస్త మందగించిందనీ గమనించిన విద్యార్థి పనిచేస్తున్న ఇంజన్ థ్రాటిల్‌ను, అంటే శక్తిని పెంచే మీటను, ముందుకు తోస్తాడు. మొదటి కొన్ని సెకన్లలో ఏమీ జరగదు. కంగారుపడి ఇంకొంచెం తోస్తాడు. ఆపైన శక్తి ఒక్కసారిగా వచ్చిపడుతుంది. ముక్కు ఆగిన ఇంజన్ వైపు తిరుగుతుంది. కుడికాలితో ఎంత తొక్కినా ఆ తిరుగుడు ఆగదు. ఎడమ రెక్క వాలి విమానం వెల్లకిలా పడుతుంది. దాన్ని తిరిగి సరిచేయడానికి కావలసిన ఎత్తు కింద మిగిలి ఉండదు.

ఇది ఒకానొక తేదీన జరిగిన ఒక ప్రమాదం కాదు. 1940ల చివర, 1950ల మొదట బ్రిటన్‌లో కొద్దిపాటి తేడాలతో మళ్ళీ మళ్ళీ జరిగిన ప్రమాదం ఇది. విమానం పేరు గ్లోస్టర్ మీటియర్. 1943 మార్చి 5న తొలిసారి ఎగిరి, 1944 జులైలో రాయల్ ఎయిర్ ఫోర్స్ 616వ స్క్వాడ్రన్‌లో చేరి, బ్రిటన్ మీదికి వస్తున్న జర్మన్ వి-1 ఎగిరే బాంబులను కూల్చిన తొలి బ్రిటిష్ జెట్ ఫైటర్ అది. ఆ దేశంలో దానికి దక్కిన గౌరవం అంతా ఇంతా కాదు. అయితే రాయల్ ఎయిర్ ఫోర్స్ సేవలో దాదాపు 890 మీటియర్లు నాశనమయ్యాయనీ, 450 మంది పైలట్లు చనిపోయారనీ సాధారణంగా చెప్పే లెక్క. అన్నిటికన్నా చెడ్డ సంవత్సరంలో 140కి పైగా విమానాలు పోయాయి. వీటిలో శత్రువు కూల్చినవని చెప్పుకోదగ్గవి లేవు. దాదాపు అన్నీ శాంతికాలంలో, సొంత గగనతలంలో, రోజువారీ పనిలో కూలినవే.

అప్పటి ఎందరో పైలట్లు తరువాత చెప్పుకున్న మాట ఒకటుంది: నిజంగా ఇంజన్ ఆగి చనిపోయినవాళ్ళ కన్నా, ఇంజన్ ఆగితే ఏం చేయాలో సాధన చేస్తూ చనిపోయినవాళ్ళే ఎక్కువ. ఈ మాటలో చేదు హాస్యం ఉన్న మాట నిజమే కానీ, దాన్ని హాస్యంగానే వదిలేస్తే అసలు విషయం చేజారుతుంది. ఒక వ్యవస్థ ప్రమాదాన్ని తప్పించడానికి పెట్టుకున్న పాఠమే ప్రమాదానికి పెద్ద కారణంగా ఎలా మారింది, ఆ సంగతి గుర్తించడానికి అన్నేళ్ళు ఎందుకు పట్టింది అన్నదే ఇక్కడ విడదీసి చూడవలసిన చిక్కుముడి.

ముందుగా విమానం సంగతి. తొలితరం జెట్ ఇంజన్ల బలం తక్కువ. ఒక్కదానితో ఫైటర్‌కు కావలసిన వేగం రాదన్న లెక్కతో మీటియర్‌కు రెండు పెట్టారు. వాటిని నడుమ భాగానికి దగ్గరగా కాక, ఇరువైపులా రెక్కల మధ్యలో, ఎడంగా అమర్చారు. రెండూ పనిచేస్తున్నంతసేపు ఈ ఎడంతో పేచీ లేదు. ఒకటి ఆగిన క్షణం నుంచి రెండోది విమానాన్ని ముందుకు తోయడంతో పాటు పక్కకు కూడా తిప్పుతుంది. బండికి కట్టిన రెండెడ్లలో ఒకటి కూలబడితే రెండోది బండిని ఎటు లాగుతుందో ఊహించుకుంటే చాలు. ఈ తిప్పుడును ఎదుర్కోవడానికి పైలట్‌కున్న సాధనం తోకమీది నిలువు రెక్కకు అమర్చిన రడ్డర్. కాలితో పెడల్ తొక్కితే అది పక్కకు తిరిగి, గాలి ఒత్తిడితో తోకను నెట్టి, ముక్కును తిన్నగా నిలుపుతుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. రడ్డర్ బలం గాలి వేగం మీద ఆధారపడుతుంది, అదీ వేగం వర్గానికి అనుపాతంలో. వేగం సగానికి తగ్గితే రడ్డర్ బలం నాలుగో వంతుకు పడిపోతుంది. జెట్ ఇంజన్ తోపుడు మాత్రం వేగంతో అంతగా మారదు; మీటియర్‌కు అమర్చిన డెర్వెంట్ ఇంజన్ 100 నాట్ల (గంటకు సుమారు 185 కిలోమీటర్ల) దగ్గరా, 200 నాట్ల దగ్గరా దాదాపు ఒకే బలంతో, సుమారు 3,500 పౌండ్ల తోపుడుతో, విమానాన్ని ఒకవైపు నుంచి నెడుతుంది. కాబట్టి ఒక వేగం వస్తుంది: ఆ వేగం దగ్గర పెడల్‌ను చివరి దాకా తొక్కినా రడ్డర్ బలమూ, ఇంజన్ తిప్పుడూ సరిసమానమవుతాయి. అంతకన్నా నెమ్మదిస్తే తిప్పుడుదే పైచేయి. ఆపైన విమానాన్ని నిలబెట్టడానికి దారి ఒక్కటే, ఉన్న శక్తిని తగ్గించడం. నేలకు దగ్గరగా, ఎత్తు కోల్పోతూ ఉన్న పైలట్‌కు ఉన్న శక్తిని తగ్గించుకోవాలన్న ఆలోచన తోచడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు.

పైగా ఇదంతా పైలట్ కాలి కండరాల మీద నడిచేది. మీటియర్ రడ్డర్‌కు యంత్రసాయం లేదు. పూర్తి శక్తిమీద ఒక ఇంజన్‌తో ఎగురుతున్నప్పుడు మోకాలు బిగించి, వీపును సీటుకు ఆనించి, కాలంతటి బలంతో తొక్కిపట్టాలి. కొన్ని నిమిషాలకు కాలు వణకడం మొదలవుతుంది. పొట్టిగా ఉన్న విద్యార్థి సీటునూ పెడల్‌నూ ముందుగా సరిగ్గా సర్దుకోకపోతే, పెడల్ చివరి రెండంగుళాలూ అతనికి అందేవి కావు. ప్రమాద విచారణలో ఇలాంటి సంగతి కాగితం మీదికి వచ్చే అవకాశం తక్కువ.

రెండో చిక్కు ఇంజన్ స్వభావానిది. ఆ కాలపు విద్యార్థులు, వాళ్ళ శిక్షకులలో చాలామంది, ప్రొపెల్లర్ విమానాల మీద నేర్చుకున్నవాళ్ళు. ప్రొపెల్లర్ విమానంలో థ్రాటిల్ తోస్తే శక్తి వెంటనే వస్తుంది. ప్రొపెల్లర్ వెనక్కి నెట్టిన గాలి రెక్కమీదుగా పారి కొంత ఎత్తుబలాన్ని కూడా అప్పటికప్పుడు ఇస్తుంది. తొలినాటి జెట్ ఇంజన్‌లో ఈ రెండూ లేవు. తక్కువ వేగంతో తిరుగుతున్న ఇంజన్ పూర్తి వేగం అందుకోవడానికి చాలా సెకన్లు పడుతుంది; తొందరపడి థ్రాటిల్‌ను విసురుగా తోస్తే ఇంజన్ అతిగా వేడెక్కవచ్చు, మంట ఆరిపోనూవచ్చు. ఇంకొక మెలిక కూడా ఉంది. తిరిగే వేగం పెరుగుతున్న కొద్దీ తోపుడు సమంగా పెరగదు. అందులో పెద్ద వాటా చివరి భాగంలోనే వస్తుంది. అందువల్లే మొదట ఏమీ జరగనట్టు ఉండి, తరువాత అంతా ఒకేసారి మీద పడినట్టు అనిపిస్తుంది. కాలు ఆ వేగానికి తగినట్టు కదలాలి. పదేళ్ళు యుద్ధవిమానాలు నడిపిన చేతికి ఉన్న అలవాటే ఇక్కడ ప్రతికూలంగా పనిచేసేది.

ఇక ఈ విమానం మీద ఎవరు, ఏ పరిస్థితుల్లో నేర్చుకున్నారన్నది మూడో సంగతి. యుద్ధం ముగిశాక రాయల్ ఎయిర్ ఫోర్స్ వేగంగా కుదించుకుపోయింది. అనుభవజ్ఞులలో చాలామంది ఇళ్ళకు వెళ్ళిపోయారు. తొలి రోజుల్లో రెండు సీట్ల మీటియరే లేదు. రెండు ఇంజన్ల ప్రొపెల్లర్ విమానం మీద ఒంటి ఇంజన్ సాధన చేయించి, కాక్‌పిట్‌లో ఏమేమి ఎక్కడున్నాయో వివరించి, పైలట్‌ను ఒంటరిగా జెట్‌లో పంపేవారు. రెండు సీట్ల టి.7 రకం 1948 మార్చి 19న తొలిసారి ఎగిరింది. ఆ నమూనా విమానానికి ఒక చిన్న విచిత్ర చరిత్ర ఉంది: గ్లోస్టర్ కంపెనీ ప్రదర్శనలకు తిప్పుతున్న ఒంటి సీటు మీటియర్ 1947లో బెల్జియంలో ప్రమాదానికి గురై దెబ్బతింటే, దాని భాగాలతోనే కంపెనీ సొంత ఖర్చుమీద ఈ శిక్షణ విమానాన్ని కట్టింది. ముక్కు రెండున్నర అడుగులు పొడిగించి రెండో సీటు ఇరికించారు. పైన బరువైన చట్రాలతో, పక్కకు తెరుచుకునే కప్పు. లోపల పీడన నియంత్రణ లేదు. ఇలాంటివి 600కి పైగా తయారయ్యాయి.

1950 జూన్‌లో కొరియా యుద్ధం మొదలయ్యేసరికి పరిస్థితి తలకిందులైంది. సోవియట్ యూనియన్‌తో పెద్ద యుద్ధం రావచ్చన్న భయంతో కుదించిన సైన్యాన్ని మళ్ళీ పెంచాలన్నారు. తప్పనిసరి సైనిక సేవకు వచ్చిన యువకుల నుంచి కూడా పైలట్లను తయారుచేయాలన్నారు. మిడిల్‌టన్ సెయింట్ జార్జ్, ఫుల్ సటన్, వర్క్‌సాప్ వంటి చోట్ల ఉన్నత శిక్షణ పాఠశాలలు ఒకదాని వెంట ఒకటి తెరుచుకున్నాయి. చేతిలో ఉన్న జెట్లలో మీటియర్లే ఎక్కువ కనుక, ఇరవై ఏళ్ళు నిండీ నిండని కుర్రవాడు చిన్న ప్రొపెల్లర్ విమానం దిగి నేరుగా వీటిలోకి ఎక్కేవాడు. అతనికి నేర్పే శిక్షకుడికి సైతం జెట్‌లో గడిపిన గంటలు ఎక్కువగా ఉండేవి కావు. ఇంధనం గంటసేపు కూడా రాదు. మేఘం పైన ఎగురుతూ, కింద వాతావరణం చెడిపోతే, ఇంకో విమానాశ్రయం వెతుక్కునే వ్యవధి ఉండదు. ఒంటి ఇంజన్ ల్యాండింగ్ కుదరకపోతే మళ్ళీ లేచి చుట్టూ తిరిగి రావాలన్న నిర్ణయం వెనక ఈ ఇంధనపు బెంగ కూడా ఉండేది.

ఇప్పుడు ఆ పాఠం దగ్గరికి వద్దాం. తొలి ఏళ్ళలో ఒంటి ఇంజన్ సాధన అంటే ఒక ఇంజన్‌ను నిజంగానే ఆర్పేయడం. థ్రాటిల్‌ను అట్టడుగుకు తెచ్చి వదిలేస్తే ఇంజన్ తక్కువ వేగంతో తిరుగుతూ కొంత తోపుడు ఇస్తూనే ఉంటుంది. అది నిజమైన వైఫల్యంతో సమానం కాదు, కాబట్టి విద్యార్థికి తప్పుడు ధైర్యం వస్తుందన్నది దీన్ని సమర్థించిన వారి వాదన. ఈ వాదన తెలివితక్కువది కాదని ఒప్పుకోవాలి. హైడ్రాలిక్ పంపు ఒక ఇంజన్‌కే ఉండేది. ఆ ఇంజనే ఆగితే చక్రాలూ, నెమ్మదిగా దిగడానికి రెక్కల వెనక ఉండే ఫ్లాపులనే పలకలూ దించడానికి చేతిపంపు కొడుతూ విమానాన్ని నడపాలి. ఆ అనుభవం ఇంజన్ నిజంగా ఆగినప్పుడే వస్తుంది. కానీ ఆర్పేసిన ఇంజన్‌ను అయిదు వందల అడుగుల ఎత్తులో తిరిగి వెలిగించడం జరిగేపని కాదు. అంటే విద్యార్థి పొరపాటు చేసిన క్షణంలో, శిక్షకుడు దాన్ని గుర్తించినా, సరిదిద్దడానికి అతని చేతిలో ఏమీ ఉండదు. పాఠంగా మొదలైనది అక్కడి నుంచి నిజమైన అత్యవసర పరిస్థితే. మామూలుగా శిక్షణకు అర్థం తప్పు చేయడానికి కొంత చోటు ఇవ్వడం. ఈ పాఠంలో ఆ చోటే లేదు.

లెక్కగా చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. ఊరికే ఉదాహరణకు అనుకుందాం: వెయ్యిమంది పైలట్లున్నారు, వాళ్ళలో పదిమందికి మాత్రమే ఎప్పుడో ఒకప్పుడు ఇంజన్ ఆగుతుంది. ఆ పదిమందినీ కాపాడడానికి వెయ్యిమంది చేత ఇరవయ్యేసి సార్లు సాధన చేయిస్తే మొత్తం ఇరవై వేల సాధనలు. ప్రతి రెండు వేల సాధనలకు ఒకటి చొప్పున విమానం కూలినా పది ప్రమాదాలవుతాయి; ఒక్కోదానిలో ఇద్దరేసి ఉంటారు. పాఠం నూటికి నూరుపాళ్ళు ఫలించి ఆ పదిమందీ బతికినా, మొత్తం మీద నష్టమే మిగులుతుంది. డెర్వెంట్ ఇంజన్ ఆ కాలానికి మంచి నమ్మకస్తురాలు కూడా. ఇంజన్ ఎంత నమ్మదగినదైతే ఈ సాధనకు చెల్లించే మూల్యం అంత ఎక్కువగా కనిపిస్తుంది.

ఇంత సులువైన లెక్క అప్పటివాళ్ళకు ఎందుకు తోచలేదన్న ప్రశ్న వేయడం తేలికే. తోచినవాళ్ళు ఉండే ఉంటారు. కానీ ప్రమాదాలను విచారించే పద్ధతి ఆ లెక్క వేయడానికి అనువైనది కాదు. ప్రతి ప్రమాదం విడిగా విచారణకు వచ్చేది. ఈ ప్రమాదంలో పైలట్ వేగం తగ్గనిచ్చాడు. ఆ ప్రమాదంలో ఆలస్యంగా శక్తి పెంచాడు. ఇంకొకదానిలో మళ్ళీ పైకి లేవాలని నిర్ణయించుకునే ఎత్తు దాటిపోయాక ప్రయత్నించాడు. ప్రతిదానిలోనూ పైలట్ చేసిన తప్పు కనిపిస్తుంది, అది నిజం కూడా. పైలట్ పొరపాటు అని రాసి ఫైలు మూసేస్తే, దాని నుంచి సహజంగా వచ్చే సిఫార్సు ఇంకా గట్టిగా శిక్షణ ఇవ్వాలన్నదే. గట్టిగా శిక్షణ ఇవ్వడమంటే ఒంటి ఇంజన్ సాధన పెంచడం. ఒకే పొరపాటును వందమంది వేర్వేరు మనుషులు చేస్తున్నప్పుడు ఆ పొరపాటు మనుషులది మాత్రమే కాదన్న ఆలోచనకు ఫైలును ఫైలు పక్కన పెట్టి చూసే అలవాటు కావాలి.

యుద్ధం మిగిల్చిన మనఃస్థితి కూడా తక్కువదేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో రాయల్ ఎయిర్ ఫోర్స్ బాంబర్ కమాండ్ ఒక్కదానిలోనే 55 వేల మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో 5,300 మందికి పైగా శత్రువు ముఖం చూడకుండా శిక్షణ ప్రమాదాల్లోనే పోయినవాళ్ళు. అలాంటి లెక్కల మధ్య పెరిగి పెద్ద హోదాల్లోకి వచ్చిన అధికారులకు వారానికి రెండు మూడు విమానాలు కూలడం విచారకరమే తప్ప వ్యవస్థ తప్పుదారిన పోతోందనడానికి సూచనగా కనిపించలేదు. వాళ్ళను కఠినహృదయులనడం సరికాదని నా అభిప్రాయం. వాళ్ళ కొలబద్ద యుద్ధకాలంలో తయారైనది. యుద్ధం ముగిసినా కొలబద్ద మారలేదు.

ఒంటి ఇంజన్ సాధనతో సంబంధం లేని మరో ప్రమాదం కూడా ఈ శిక్షణ విమానాన్ని వెంటాడింది. పైలట్లు దాన్ని ఫాంటమ్ డైవ్ అనేవారు, అంటే కారణం కంటికి కనిపించని మునక. రన్‌వే పక్కగా ఎగిరి, దిగడానికి వీలుగా వేగం తగ్గించే వేళ విమానం ఉన్నట్టుండి ముక్కు దించి, పక్కకు ఒరిగి, నేలలోకి దూసుకుపోయేది. ప్రొపెల్లర్ లేని జెట్‌లో వేగం ఒక పట్టాన తగ్గదు. అందుకే నడుమ భాగానికీ ఇంజన్‌కూ మధ్య రెక్క పైనా కిందా పలకల్లా లేచే ఎయిర్‌బ్రేకులు పెట్టారు. అవి తెరిచినప్పుడు వాటి వెనక చెదిరిన గాలి నేరుగా తోక మీదికి పోతుంది. ఆ స్థితిలో చక్రాలు దించితే, రెండూ ఒకేసారి దిగకపోవచ్చు. ఒకటి ముందుగా దిగితే విమానం కొద్దిగా పక్కకు తిరుగుతుంది. మామూలప్పుడు తోక ఆ తిరుగుడును సరిదిద్దేస్తుంది. చెదిరిన గాలిలో ఉన్న తోకకు ఆ పట్టు ఉండదు. పొడవైన ముక్కూ, పెద్ద కప్పూ ఉన్న టి.7లో ఈ గుణం మరీ ఎక్కువ. ఒకసారి మునక మొదలైతే తేరుకోవడానికి కావలసిన ఎత్తు, ల్యాండింగ్ వలయంలో ఎగిరే వెయ్యి అడుగులలో దొరకదు.

విరుగుడు మాత్రం చాలా చిన్నది: చక్రాల మీట ముట్టుకునే ముందు ఎయిర్‌బ్రేకులు మూయాలి. ల్యాండింగ్‌కు ముందు చదువుకునే తనిఖీల వరుసలో అదే మొదటి మాట అయింది. ఒంటి ఇంజన్ సమస్యకు ఇంత చిన్న మందు లేదు కానీ, క్రమంగా దానికి కూడా కట్టుబాట్లు వచ్చాయి. నేలకు దగ్గరగా చేసే సాధనలో ఇంజన్‌ను పూర్తిగా ఆర్పకుండా తక్కువ వేగంతో తిరగనిచ్చే పద్ధతికి మారారు. ఒక నిర్ణీత ఎత్తు దాటాక ఎలా ఉన్నా దిగడమే తప్ప మళ్ళీ లేచే ప్రయత్నం చేయకూడదన్న నిబంధన బిగించారు. 1950ల మధ్యకు వచ్చేసరికి ఉన్నత శిక్షణ బాధ్యత ఒకే ఇంజన్ ఉన్న వాంపైర్ టి.11 జెట్ చేతికి మారింది. ఒకే ఇంజన్ విమానంలో అది ఆగితే కష్టమే, కానీ విమానం పక్కకు తిరిగి వెల్లకిలా పడే ప్రమాదం ఉండదు. రెండు ఇంజన్లుంటే రెట్టింపు భద్రత అన్న సామాన్య నమ్మకాన్ని ఆ మార్పు నిశ్శబ్దంగా తోసిపుచ్చింది.

ప్రమాదవేళ పైలట్‌ను విమానం నుంచి బయటికి విసిరే ఎజెక్షన్ సీటు సంగతి చెప్పకుండా ఈ కథ పూర్తికాదు. బ్రిటన్‌లో ఒక మనిషి ఎజెక్షన్ సీటుతో తొలిసారి ఎగిరే విమానం నుంచి బయటపడింది 1946 జులై 24న. ఆయన మార్టిన్ బేకర్ కంపెనీ ఉద్యోగి బెర్నార్డ్ లించ్. ఆయన ఎక్కిన విమానం మీటియరే. తరువాతి ఒంటి సీటు మీటియర్ ఎఫ్.8లో ఆ సీటు అమర్చారు కూడా. శిక్షణకు వాడిన రెండు సీట్ల టి.7కు మాత్రం అది ఎన్నడూ రాలేదు. అనుభవం లేనివాడు నేర్చుకునే విమానానికే ఆ రక్షణ లేకపోయింది. దీన్ని చూపి సీటుంటే వాళ్ళంతా బతికేవారనడం తొందరపాటే. ఆనాటి సీట్లు పనిచేయడానికి కాళ్ళకింద తగినంత ఎత్తు కావాలి. నాలుగు వందల అడుగుల దగ్గర వెల్లకిలా పడుతున్న విమానం నుంచి అవి ఎవరినీ కాపాడలేవు. నేలమట్టంలో నిలిచి ఉన్న విమానం నుంచి కూడా పనిచేసే సీట్లు 1960లలో గానీ రాలేదు. ఆ సీట్లను పరీక్షించడానికి మార్టిన్ బేకర్ దశాబ్దాల తరబడి వాడుతూ వచ్చిన విమానాలు కూడా టి.7 మీటియర్లే.

1988 మే 30న కవెంట్రీ దగ్గర ఒక వైమానిక ప్రదర్శనలో, రాయల్ ఎయిర్ ఫోర్స్ వారసత్వ చిహ్నంగా జాగ్రత్తగా కాపాడుకుంటూ వచ్చిన ఒక మీటియర్ టి.7 వాంపైర్‌తో కలిసి ప్రదర్శన ఇస్తూ నేలకూలి, దాని పైలట్ చనిపోయాడు. అప్పటికి ఆ రకం తొలిసారి ఎగిరి నలభై ఏళ్ళు దాటింది. విమానం కూలిన తీరు పాత పైలట్లకు కొత్త కాదు: ఎయిర్‌బ్రేకులు తెరిచి ఉండగా చక్రాలు దిగడం మొదలైంది.